చూసిన లింకుల రంగు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ముందు గదిలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని నాన్న. వంటింటి గడప దగ్గర కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు మందు రాసుకుంటున్న అమ్మ. వెనక గదిలో మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకున్న మరదలు. నడిమి గదిలో బల్ల ముందు పెద్దమ్మాయి. తమ్ముడు ఆఫీసుకు పోయాడు కనక లెక్కలోకి రాడు. మరదలు కడుపుతో ఉంది. కడుపులో బిడ్డని కూడా కలిపి ఐదుగురనాలి అంటుంది అమ్మ. ఈమధ్య అమ్మ ఏ లెక్క వేసినా దాన్ని కలపకుండా వెయ్యడం లేదు.

వడ్రంగి రావాల్సి ఉంది. పుట్టబోయేవాళ్ళకి ఒక తొట్టి మంచం, బట్టలు పెట్టడానికి ఒక బీరువా చేయించాలని తమ్ముడు మాట్లాడి పెట్టాడు. కొలతలు తీసుకోవడానికి ఈ రోజే వస్తానన్నాడట. ఏ గదిలో కొలవాలో మాత్రం ఎవరూ ఎవరితోనూ అనలేదు. వెనక గదిలో మంచం వేశాక మనిషి పక్కకు తిరిగి నడవాలి. ముందు గది అందరిదీ, అంటే టీవీది. ఇక మిగిలింది నడిమి గది.

నడిమి గది పెద్దమ్మాయిది. పదో తరగతి పరీక్షలకని ఇచ్చారు. ఆ పరీక్షలు అయిపోయాయి, ఆ తర్వాత కాలేజీ అయిపోయింది, ఇంట్లో పెళ్ళి మాటలు కొన్నాళ్ళు ఉడికి చల్లారిపోయాయి, ముప్పై దాటింది. గది మాత్రం అలాగే ఉండిపోయింది. అక్కడే కూచుని ఆమె వెబ్‌సైట్లు చేస్తుంది. అమ్మ ఎవరికైనా చెప్పాల్సొస్తే "మా పెద్దది కంప్యూటర్లో బోర్డులు రాస్తుంది" అంటుంది. అది అంత తప్పు కూడా కాదు.

ఆ గది ఉంటే తను ఈ ఇంటి మనిషి. అది పోతే ముందు గదిలో ఓ మూల పరుపు చుట్టి పెట్టుకుని, చుట్టాలొచ్చినప్పుడల్లా దాన్ని అటూ ఇటూ జరుపుకునే మనిషి. ఈ మాట పెద్దమ్మాయి ఎవరితోనూ అనలేదు. అనాల్సిన పని కూడా లేకపోయింది, ఎందుకంటే పోయిన నెల నాన్నే అన్నాడు, "నేనుండగా నీ గది జోలికి ఎవరొస్తారమ్మడూ" అని. ఆ మాట మీద ఆమె ఇన్నాళ్ళూ నిద్రపోయింది. పూర్తిగా పట్టిన నిద్ర కాదు, కానీ నిద్రే.

ఆ రోజు పని ఉద్యోగినుల హాస్టల్‌ది. హాస్టల్‌కి వెబ్‌సైటు ఇప్పటికే ఉంది. పేజీలు మార్చక్కర్లేదు, వాటి వాలకం మార్చాలి. ఆ పని ఒప్పుకున్నట్టు కొన్నాళ్ళ కిందట భోజనాల దగ్గర చెప్పింది. కూర వడ్డించమన్నారంతే.

ఈ పనిలో ఫ్రేమ్‌వర్క్ అని ఒకటుంటుంది. ఎవరో ముందే కుట్టి పెట్టిన రెడీమేడ్ బట్టల్లాంటిది. బటన్లు, పెట్టెలు, అక్షరాల సైజులు అన్నీ అందులోనే వస్తాయి. తెచ్చుకుని ఒంటికి సరిపడా బిగించుకోవడమే. అందులో లింకులన్నీ నీలంగా ఉంటాయి. మౌస్ బాణం పైకి వెళ్తే ఇంకాస్త ముదురు నీలం అవుతాయి. హాస్టల్ నడిపే మేడమ్‌కి ఆ నీలం నచ్చలేదు.

"అమ్మాయ్, నీలం వద్దు," అంది పొద్దున్న ఫోన్‌లో. "లోకంలో అందరిదీ నీలమే. మా గేటు చూశావుగా, ఆ రంగు కావాలి."

"మెరూనా అండీ?"

"మెరూనో ఏమో నాకు తెలీదు. గేటు రంగు. మా వాచ్‌మన్‌కి చెప్తే తెస్తాడు డబ్బా, నీకు తెలీదా?"

పెద్దమ్మాయి ఆ రంగు అంకె వెతికి, ఫైల్లో లింకు రంగు అని రాసి ఉన్నచోట పెట్టింది. బాణం పైకి వస్తే కనపడాల్సిన రంగు కూడా పెట్టింది. పేజీ తెరిస్తే నీలమే. మళ్ళీ రాసింది. నీలమే. మెడ పట్టేసింది, కళ్ళు మండుతున్నాయి. చాలాసేపటికి తప్పు దొరికింది. తన రంగులు ఫ్రేమ్‌వర్క్ కన్నా కింద రాసింది. అది తన నీలాన్ని పట్టుకుని ముందే లింకులన్నిటికీ పూసేసుకుంది. అన్నం తినేసి చెయ్యి కడుక్కున్నవాడి ముందు కూర తెచ్చి పెడితే ఏం లాభం? తన రెండు లైన్లూ పైకి జరిపింది. పేజీ నిండా గేటు రంగు వచ్చింది. ఎన్నేళ్ళ నుంచో చేస్తున్న పని ఇది. అయినా ఇలాంటి తప్పు చేస్తోందంటే మనసు ఎక్కడుందో ఆమెకే తెలుసు. బయట గేటు చప్పుడైనప్పుడల్లా వడ్రంగేమోనని తల తిప్పి చూస్తోంది.

మేడమ్‌కి చూడమని పంపింది. రెండు నిమిషాల్లో ఫోన్.

"రంగు బాగుంది. కానీ మారట్లేదేం? పైన పెడితే మారుతుందన్నావు."

"మీరు ఫోన్‌లో చూస్తున్నారా మేడమ్?"

"అవును. వేలు పైన పెట్టాను. తగలకుండా పెట్టాను. అలాగే పట్టుకుని కూచున్నాను. చెయ్యి లాగేస్తోంది కానీ రంగు మారట్లేదు."

పెద్దమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా ఓపిక లేక ఊరుకుంది. "ఫోన్‌కి వేలు దగ్గరికొచ్చినట్టు తెలీదు మేడమ్. తగిలితేనే తెలుస్తుంది. మౌస్ ఉన్న కంప్యూటర్లో చూడండి."

"మా ఆఫీసు కంప్యూటరు ముసలిది. అందులో ఎలా కనపడుతుందో ఏమో."

"మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది. అందులో చూసి చెప్తాను."

"ఆఁ, ఇంకోటి. ఒకసారి చదివిన పేజీకి లింకు వేరే రంగులోకి మారిపోవాలి. నియమాలు చదవలేదండీ అంటారు ఈ ఆడపిల్లలు, తీరా చేరాక. చదివితే నాకు తెలిసిపోవాలి."

"అది మీకు తెలీదు మేడమ్. ఎవరు చూస్తే వాళ్ళ కంప్యూటర్లోనే రంగు మారుతుంది. వాళ్ళకే కనపడుతుంది."

"మరి నాకేం లాభం?"

"మీకేం లాభం లేదు. ఏవి చూశాం, ఏవి చూడలేదు అని వాళ్ళకి గుర్తుంటుంది."

"సరే పెట్టు. వాళ్ళకైనా సిగ్గుంటుంది."

ఫ్రేమ్‌వర్క్‌లో చూసిన లింకులకు వేరే రంగు లేదు. పెద్దమ్మాయే ఒక లైను రాసింది, చివర్లో. వాడిపోయిన వంగపండు రంగు పెట్టింది. తన లాప్‌టాప్‌లో చూస్తే లింకులన్నీ వంగపండు రంగులోకి మారిపోయాయి. మారక ఏం చేస్తాయి, పని కోసం ఆ పేజీలన్నీ ఎన్నిసార్లు తెరిచిందో. కొత్తవాళ్ళకి ఎలా కనపడుతుందో చూడాలంటే ఎన్నడూ తెరవని కంప్యూటరు కావాలి. అలాంటిది ముందు గదిలో ఉంది. ఆ పాత డబ్బాలో హాస్టల్ పేజీ ఆమె ఒక్కసారి కూడా తెరవలేదు.

ఆ కంప్యూటరు పేరుకి ఇంటిది, వాడేది నాన్న. ఉద్యోగం మానేశాక ఆయనకి పొద్దు పోక ఆమే నేర్పింది. నాన్న ఒకప్పుడు కార్లు నడపడం నేర్పేవాడు. వీధిలో ఇప్పటికీ డ్రైవింగ్ మాస్టారనే అంటారు. మౌస్‌ని గేరు రాడ్డు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి పట్టుకుంటాడు. అందరికీ స్టీరింగ్ నేర్పిన మనిషి కూతురి దగ్గర నేర్చుకుంటుంటే చెవులు ఎర్రబడేవి.

పెద్దమ్మాయి వచ్చి కుర్చీ లాక్కుని కూచుంది. నాన్న పేపరు దించలేదు. "ఏంటమ్మడూ, నీ బండి చెడిందా, నా బండి మీదకొచ్చావు?"

"చెడలేదు. ముసలివాళ్ళకి ఎలా కనపడుతుందో చూద్దామని."

"చూడు, చూడు. ముసలివాళ్ళకి ఏమీ కనపడదు," అన్నాడు పేపరు వెనక నుంచి.

పేజీ తెరిచింది. వాలకం కొత్తదైనా లింకులు వెళ్ళేది హాస్టల్ పాత పేజీలకే. ఆ తెర ఎప్పుడో వెలిసిపోయింది. గేటు రంగు ఇటుక పొడిలా కనపడింది. పరవాలేదు. లింకులు వరసగా ఉన్నాయి. మా గురించి. గదులు. ఒక్కరికే గది. భోజనం. నియమాలు. చేరాలంటే. చూడడానికి వచ్చేవాళ్ళకు. ఫోను, చిరునామా. బాణం ఒక్కొక్కదాని మీదికి తీసుకెళ్ళింది. 'మా గురించి' ముదిరింది. 'గదులు' ముదిరింది. 'ఒక్కరికే గది' ముదరలేదు.

మళ్ళీ పెట్టింది. కదల్లేదు. 'భోజనం' మారింది, 'నియమాలు' మారింది, 'చేరాలంటే' మారలేదు. 'చూడడానికి వచ్చేవాళ్ళకు' కూడా మారలేదు.

మళ్ళీ ఏదో తప్పు రాశాను అనుకుంది. ఆలోచిస్తే తప్పు తెలిసింది. చూసిన లింకు రంగు అన్నిటికన్నా చివర్లో రాసింది కదా. ఫ్రేమ్‌వర్క్‌కి ముందే అందించాల్సిన రంగుల సంగతి వేరు, ఇలా విడిగా రాసే లైన్లలో కింద రాసిందే చెల్లుతుంది. చూసిన లింకు మీద బాణం పెట్టినా ఆ వంగపండు రంగు పక్కకు తప్పుకోదు. ఆ లైనుని ఒక మెట్టు పైకి జరిపితే సరిపోతుంది. చిన్న పని. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది కూడా.

అప్పుడు చెయ్యి ఆగింది. తప్పు సరే. కానీ ఈ మూడూ చూసిన లింకులు ఎలా అయ్యాయి?

తెరకి దగ్గరగా వంగింది. వెలిసిన తెర మీద ఇటుక పొడికీ వాడిన వంగపండుకీ తేడా అంతంతమాత్రం. అయినా ఉంది. ఈ మూడూ వంగపండు రంగులో ఉన్నాయి. ఈ ఇంట్లో ఎవరో ఈ కుర్చీలో కూచుని ఆ హాస్టల్ సైటు తెరిచారు. ఒక్కరికే గది ఉందా అని చూశారు. చేరాలంటే ఏం చెయ్యాలో చూశారు. చేరాక చూడడానికి ఎప్పుడు రావచ్చో చూశారు. భోజనం ఎలా ఉంటుందో చూడలేదు. నియమాలూ చూడలేదు.

కంప్యూటర్లో ఏ పేజీ ఎప్పుడు తెరిచారో వేళతో సహా చూపించే చోటు ఒకటుంది. రెండు నొక్కులు నొక్కితే చాలు. పెద్దమ్మాయి నొక్కలేదు. ఇంట్లో వాళ్ళ చొక్కా జేబులు వెతికినట్టుంటుంది అనిపించింది. దానికి బదులు ఇంకో పిచ్చి పని చేసింది. లోపలికి వెళ్ళి, తను రాసిన వంగపండు లైను తీసేసి వచ్చింది. పేజీ మళ్ళీ తెరిచింది. లింకులన్నీ గేటు రంగులో ఒకేలా, ఏమీ ఎరగనట్టు కూచున్నాయి. కాసేపు చూసింది. రంగు తీసేస్తే చూసినవి చూడనివైపోవు కదా. మళ్ళీ లోపలికి వెళ్ళి లైను పెట్టేసింది, ఈసారి సరైన చోట.

నాన్న పేజీ తిప్పాడు. "ఏంటమ్మా, లోపలికీ బయటికీ తిరుగుతున్నావు. క్లచ్ వదిలేసి గేరు వేస్తున్నావా?"

"అలాంటిదే," అంది.

ఎవరై ఉంటారు అనుకోవడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు. అదే ఆమెకి తర్వాత బాధనిపించింది. మాటిచ్చిన నాన్న లెక్కలోకే రాలేదు. నేరుగా వెనక గదిలోకి వెళ్ళింది.

మరదలు కళ్ళు మూసుకునే ఉంది. "వదినా, నువ్వేనా? ఆ ఫ్యాను కాస్త తగ్గించవా, కాళ్ళు చల్లబడుతున్నాయి."

పెద్దమ్మాయి ఫ్యాను తగ్గించింది. దుప్పటి కాళ్ళ మీదికి లాగింది. "ముందు గదిలో కంప్యూటరు నువ్వేమైనా తెరిచావా, ఈమధ్య?"

"నేనా?" మరదలు కళ్ళు తెరిచి నవ్వింది. "నా అవతారం చూసే అడుగుతున్నావా? ఆ కుర్చీలో నేను పడతానా? పట్టినా లేపడానికి మీ తమ్ముడూ ఇంకో ఇద్దరూ రావాలి. ఫోనుండగా నాకెందుకా డబ్బా. ఏమైంది?"

"ఏం లేదు. నేను పని చేస్తున్న హాస్టల్ పేజీలు అందులో ఎవరో చూశారు. ఒక్కరికే గది ఉందా అని."

మరదలు మెల్లగా మోచేతి మీద లేచింది. లేవడానికి ఆయాసపడింది. పెద్దమ్మాయి చెయ్యి అందించబోతే పట్టుకోలేదు.

"నేననుకున్నావా?"

"అనుకోలేదు. అడిగాను."

"ఇంట్లో ఇంతమంది ఉండగా ముందు నా దగ్గరికే వచ్చావుగా వదినా."

పెద్దమ్మాయి దుప్పటి అంచు సర్దింది.

"నాకు గది కావాలి," అంది మరదలు. "అబద్ధమెందుకు, కావాలి. ఇక్కడ తొట్టి కాదు కదా, ఉగ్గు గిన్నె పెట్టడానికి కూడా చోటు లేదు. రాత్రిళ్ళు నేను ఏడ్చింది నీకు వినపడే ఉంటుంది. కానీ కావాలంటే నీ మొహం మీదే అడుగుతాను. నీకు సంబంధం చూసినట్టు దొంగచాటుగా గది చూడను. అంత తెలివే ఉంటే ఈ ఇంట్లో ఇలా ఎందుకు పడుంటాను?"

"సరే, పడుకో."

"పడుకుంటాలే. నాకిప్పుడు ఇంకేం పని." గోడ వైపు తిరిగింది. తిరగడానికి కూడా చాలాసేపు పట్టింది. "ఫ్యాను మరీ తగ్గించేశావు. ఒక్కటి పెంచు."

పెద్దమ్మాయి ఒక్కటి పెంచి బయటికి వచ్చింది.

వంటింటి గడప దగ్గర అమ్మ మందు డబ్బా మూత తిప్పుతోంది. అమ్మకి ఆ కంప్యూటరు స్విచ్చి ఎక్కడుందో కూడా తెలీదు. దుమ్ము దులిపేటప్పుడు సైతం కరెంటు కొడుతుందని దూరం నుంచి గుడ్డతో విసురుతుంది, ఈగని తోలినట్టు. ఆమెని అనుమానించడానికి లేదు.

"ఏంటే గొడవ? అదెందుకు గోడకి తిరిగింది?" అంది అమ్మ.

"గొడవేం లేదమ్మా."

"లేకపోతే సరే. ఒట్టి మనిషి కాదు, దాంతో గట్టిగా మాట్లాడకు."

పెద్దమ్మాయి ఆమె పక్కన కూచుంది. అమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టి కాసేపు రుద్దింది. మందు వాసన చేతికి అంటుకుంది. "అమ్మా, నేను హాస్టల్‌కి వెళ్ళాలని ఎవరైనా అనుకుంటున్నారా?"

అమ్మ మూత బిగించింది. విప్పి మళ్ళీ బిగించింది. "నా మోకాళ్ళు అడుగు, చెప్తాను. మిగతావి నన్నడక్కు," అంది. తర్వాత చాలా చిన్న గొంతుతో, "ముందు గదిలో ఉన్నాడుగా, ఆయన్నే అడుగు," అంది.

పెద్దమ్మాయి లేవడానికి గడప పట్టుకుంది. మోకాళ్ళ నొప్పి తనకే వచ్చినట్టు లేచింది.

ముందు గదిలో నాన్న పేపరు అదే పేజీలో ఉంది. ఆమె కుర్చీ ఆయన వైపు తిప్పుకుని కూచుంది.

"నాన్నా, నేను చేస్తున్న హాస్టల్ పేజీలు చూశావా?"

"ఏ హాస్టల్?"

"నాన్నా."

పేపరు కిందికి దిగింది. నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆఁ, చూశాను. నువ్వు చేసింది ఎలా ఉందోనని. బాగుంది. బాగా చేశావు."

"నేను చేసింది ఇంకా పెట్టలేదు. నువ్వు చూసింది పాతది. ఎవరు చేశారో నాకూ తెలీదు."

అద్దాలు ఇంకాసేపు తుడిచాడు. అవి ఎప్పుడో శుభ్రమైపోయాయి.

"మూడే చూశావు," అంది ఆమె. "ఒక్కరికే గది. చేరాలంటే. చూడడానికి వచ్చేవాళ్ళకు."

"నీకెలా తెలుసు?"

"చూసిన లింకులకి రంగు మారేలా పెట్టాను. ఇదిగో." తెర ఆయన వైపు తిప్పింది.

నాన్న అద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు. వేలు తెర మీదికి తీసుకెళ్ళి, తగిలించకుండా, ఆ మూడిటినీ ఒకటొకటిగా చూపిస్తూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ముట్టుకుంటే రంగు అంటుకుంటుందని నాకు చెప్పలేదు నువ్వు," అన్నాడు. "నీలంగా ఉన్నది నొక్కమన్నావు, నొక్కాను. తెరిచి మూసేస్తే అయిపోయింది అనుకున్నాను."

అమ్మ వంటింట్లో గిన్నెలేవో సర్దుతోంది, సర్దక్కర్లేని గిన్నెలు.

"గది బాగుందమ్మడూ," అన్నాడు నాన్న. "ఫొటో పెట్టారు. కిటికీ ఉంది. బల్ల వేసుకోవడానికి చోటుంది. నీకిక్కడ కిటికీ తెరిస్తే పక్కింటి గోడేగా. ఆదివారాలు చూడడానికి రానిస్తారట. మగవాళ్ళని లోపలికి రానివ్వరు కానీ తండ్రి అయితే ఆఫీసు గదిలో కూచోవచ్చట. నేను వస్తాను. బస్సు కూడా ఒకటే మారాలి."

"నువ్వేగా అన్నావు, నా గది జోలికి ఎవరూ రారని."

"అన్నాను. అన్నప్పుడు అలాగే అనుకున్నాను." గొంతు సర్దుకున్నాడు. "ఆ పిల్ల రాత్రి లేచి నిలబడుతోంది. పడుకుంటే ఊపిరాడదట. మీ తమ్ముడు నేల మీద పడుకుంటున్నాడు, కాళ్ళు ఆ గది బయటికొస్తున్నాయి. నేను మంచినీళ్ళకి లేచి రోజూ వాడి కాళ్ళు దాటుకుంటూ వెళ్తున్నాను. ఎన్నాళ్ళని దాటను?"

"నన్నడగొచ్చుగా."

"అడిగితే సరేనంటావు."

పెద్దమ్మాయి ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వెప్పుడూ సరేనంటావు," అన్నాడు నాన్న. "మీ తమ్ముడి చదువప్పుడు సరేనన్నావు. ఈ ఇల్లు బాగు చేయించినప్పుడు సరేనన్నావు. అందుకే అడగలేదు. అడిగితే అదేదో నీ అంతట నువ్వే వెళ్తున్నట్టవుతుంది. నేను పంపిస్తే నా మీద కోపముంటుంది నీకు. అదైనా ఉండనీ అనుకున్నాను."

ఈ మాట ఆమె ఊహించలేదు. ఇన్నేళ్ళలో కాదని అన్న గుర్తు ఆమెకీ లేదు. ఎలా అంటారో కూడా సరిగ్గా తెలీదు. గట్టిగా అనాలా, ఏడుస్తూ అనాలా? చివరికి మంచినీళ్ళు అడిగినంత మామూలుగా వచ్చింది.

"అయితే ఇప్పుడు అడుగు నాన్నా."

"ఏంటి?"

"అడుగు."

నాన్న పేపరు మడిచాడు. ఇంకో మడత పెట్టాడు. "నడిమి గది వాళ్ళకిచ్చేద్దామా?"

"వద్దు. నేను వెళ్ళను. తొట్టి నా గదిలో వేసుకోండి, పుట్టే పిల్లని నేను చూసుకుంటాను, మరదలు వచ్చి నా మంచం మీద పడుకోనీ. నా బల్ల మాత్రం అక్కడే ఉంటుంది. నేనూ అక్కడే ఉంటాను. హాస్టల్‌కి వెళ్ళను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వెనక గదిలో మంచం కిర్రుమంది. నాన్న నోరు తెరిచాడు కానీ ఏమనబోయాడో తెలియలేదు. గేటు దగ్గర ఎవరో స్కూటరు స్టాండు వేశారు.

"మాస్టారూ! డ్రైవింగ్ మాస్టారి ఇల్లు ఇదేనా?" వడ్రంగి చెవి మీద పెన్సిలు, చేతిలో టేపుతో గుమ్మంలోకి వచ్చేశాడు. లావుపాటి మనిషి, గది సగం ఆయనే అయ్యాడు. "నన్ను గుర్తు పట్టలేదా? మీ దగ్గరే నేర్చుకున్నాను. మొదటి రోజే మీ కారు తీసుకెళ్ళి పాల బండికి గుద్దాను."

"గుర్తే," అన్నాడు నాన్న. "రెండో రోజు కూడా గుద్దావు."

"అదీ గుర్తుందా!" వడ్రంగి పకపకా నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి నవ్వు తగ్గించి అటూ ఇటూ చూశాడు. "తాతయ్య కాబోతున్నారట, సంతోషం. మీ అబ్బాయి అంతా చెప్పాడు. బీరువా గోడ పొడుగూతా, పక్కన తొట్టి. గది ఏదో మాత్రం నాన్నగారు చూపిస్తారన్నాడు. ఏ గదండీ?"

నాన్న లేచాడు. లేచి నిలబడ్డాక ఎటు నడవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉన్నాడు. వెనక గది వైపు చూశాడు. గుమ్మంలో మరదలు నిలబడి ఉంది, రెండు చేతులతో నడుం పట్టుకుని. ఆమె ఆయాసం ఇక్కడిదాకా వినపడుతోంది.

"రావయ్యా," అన్నాడు నాన్న. నడిమి గదిలోకి నడిచాడు.

వడ్రంగి వెనకాలే వెళ్ళాడు. పెద్దమ్మాయి లేచి గుమ్మం దాకా వెళ్ళింది. లోపల లాప్‌టాప్ తెర మీద హాస్టల్ పేజీ ఇంకా తెరిచే ఉంది.

"నాన్నా, నేను వద్దన్నాను."

"విన్నానమ్మా," అన్నాడు నాన్న. టేపు ఒక చివర ఆయన చేతిలో ఉంది.

"బల్ల తీసేస్తారుగా," అన్నాడు వడ్రంగి, గది నాలుగు మూలలూ చూస్తూ. నాన్న జవాబు చెప్పలేదు. "తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఇదిగో, ఈ తలుపు వెనక గోడే బీరువాకి సరిగ్గా సరిపోతుంది. ఎవరివో బట్టలున్నాయి, పరవాలేదు, వాటి మీద నుంచే కొలుస్తాను. ఆ తలుపు కాస్త వెయ్యండి మాస్టారూ."

పెద్దమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. జరగలేదు. నాన్న తలుపు మీద చెయ్యి వేశాడు. ఆమె కాళ్ళ వైపు చూశాడు, తగులుతుందేమోనని. ఆమె ఒక అడుగు వెనక్కి వేసేదాకా ఆగాడు. ఎప్పటిలాగే ఆమె వేసింది. ఆయన మొహం ఎత్తకుండా తలుపు వేసేశాడు.